మంచు దేశంలో కారుకు ఏ టైరు వేయాలి?

పోయిన జనవరిలో ఒక ఆదివారం రాత్రి, మేం అన్నం తిని గదికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. కెనడా నుంచి మా సీనియర్ అన్న. ఆయన మన వసతి గృహంలోనే, ఇప్పుడు మేముంటున్న గదిలోనే ఉండి పాలిటెక్నిక్ చదివారు. తర్వాత ఇంజనీరింగ్ పూర్తి చేసి, అప్పుచేసి విన్నిపెగ్ అనే ఊరికి పైచదువుకు వెళ్లారు. పగలు కాలేజీ, రాత్రి ఒక గోడౌనులో పని. పని ముగిసేసరికి బస్సులు ఉండవు కాబట్టి ఒక పాత కారు కొనుక్కున్నారు.

ఆ రోజు ఎర్ర సిగ్నలు దగ్గర బ్రేకు వేశారట. కారు ఆగలేదు. మెల్లగానే పోతున్నా, అలా జారుకుంటూ జారుకుంటూ చౌరస్తా మధ్యలోకి వెళ్లిపోయింది. అడ్డంగా వస్తున్న బస్సు డ్రైవరు ముందే చూసి ఆపుకున్నాడు కాబట్టి సరిపోయింది. "టైర్లు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయిరా. గ్రిప్పు ఇంత లోతు ఉంది. మరి ఎందుకు జారింది? మీరు ఆటోమొబైల్ చదువుతున్నారు కదా, చెప్పండి" అని అడిగారు.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పుస్తకంలో టైరు మీద ఒక పాఠం ఉంది. ట్యూబు టైరు, ట్యూబ్‌లెస్ టైరు, రేడియల్ టైరు, గాలి ఎంత ఉండాలి, ఎందుకు ఒకపక్కే అరుగుతుంది, ఇవన్నీ ఉన్నాయి. చలి గురించి ఒక్క వాక్యం లేదు. మన రోడ్ల కోసం రాసిన పుస్తకంలో అది ఉండకపోవడం తప్పేమీ కాదు. కానీ ప్రభుత్వ సాయంతోనో, బ్యాంకు అప్పుతోనో మన హాస్టళ్ల నుంచి కూడా ఇప్పుడు పిల్లలు చలిదేశాలకు వెళ్తున్నారు. వెళ్లిన ఏడాదిలోపే చేతికందిన పాత కారు కొంటున్నారు. ఆ కారుకు ఏ టైర్లు ఉన్నాయో చూడాలని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఆ రోజు నుంచి మేం చదివి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నది ఈ సంచికలో రాస్తున్నాం.

ముందుగా మన భాషతోనే ఒక చిక్కు ఉంది. తెల్లవారుజామున పొలం మీద కమ్మేదీ మంచే, గడ్డి మీద ముత్యంలా నిలిచేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, కూల్‌డ్రింకు షాపులో గడ్డకట్టి ఉండేదీ మంచే. టైరుకు మాత్రం ఇవన్నీ ఒకటి కావు. ఈ వ్యాసంలో రాలిపడే దూదిమంచును స్నో అనీ, గడ్డకట్టినదాన్ని ఐసు అనీ రాస్తాం. ఈ రెండూ లేకుండా, రోడ్డు పొడిగానే ఉండి చలి మాత్రమే ఉన్న రోజు ఇంకొకటి. ఆ మూడో రోజునే ఎక్కువమంది లెక్కలోకి తీసుకోరు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

టైరు రోడ్డును పట్టుకునేది రబ్బరు మెత్తదనం వల్ల. రోడ్డు మీద కంటికి కనబడని ఎగుడుదిగుళ్లు ఉంటాయి. మెత్తని రబ్బరు వాటిలోకి దిగి పట్టు సంపాదిస్తుంది. చలికి రబ్బరు బిగుసుకుంటే లోపలికి దిగలేదు, పైపైనే జారుతుంది. అయితే రబ్బరు అంతా ఒకటి కాదు. టైరు పై పొరలో సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, నల్లమసి, సిలికా, నూనెలు కలుస్తాయి. ఏది ఎంత కలిపారన్న దాన్నిబట్టి ఆ మిశ్రమం ఏ చలికి బిగుసుకుంటుందో తేలుతుంది. మన ఎండలకు చేసిన టైరు, 45 డిగ్రీల వేడిలో కాలే తారు మీద కూడా కరిగినట్టు అరిగిపోకుండా గట్టిగా ఉండాలి. అదే గట్టిదనం చలిదేశంలో ప్రాణం మీదికి తెస్తుంది. శీతాకాలపు టైరులో సహజ రబ్బరు, సిలికా పాళ్లు పెంచి, గట్టి చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు.

దీన్ని మేం ఒక చిన్న ప్రయోగంతో చూశాం. మా హాస్టలు ఎదురు కూల్‌డ్రింకు షాపు అన్నను బతిమాలి, ఐస్‌క్రీము పెట్టే ఫ్రీజరులో ఒక రాత్రంతా రెండు వస్తువులు ఉంచాం. ఒకటి మామూలు రబ్బరు బ్యాండు. రెండోది తెగిపోయిన ప్లాస్టిక్ చెప్పు పట్టీ. రెండూ బయట ఉన్నప్పుడు మెత్తగానే వంగేవి. పొద్దున తీసి చూస్తే రబ్బరు బ్యాండు ఎప్పటిలాగే సాగింది. చెప్పు పట్టీ పుల్లలాగ బిర్రబిగుసుకుపోయింది. ఇది టైరు పరీక్ష కాదని మాకూ తెలుసు. కానీ బయట ఒకేలా కనబడే రెండు వస్తువులు చలిలో ఒకేలా ఉండవని తెలియడానికి అది చాలు. మా అన్న టైర్ల సంగతి కూడా అంతే. గ్రిప్పు లోతు చూశారు గానీ, కింద ఉన్న రబ్బరు ఏ చలికి చేసిందో చూడలేదు. చూడాలని ఆయనకు ఎవరు చెప్పారు గనక?

అందువల్ల టైరు ఎంపికలో మొదటి ప్రశ్న "అక్కడ స్నో పడుతుందా?" అని కాదు, "అక్కడ ఎంత చలి?" అని. రోజువారీ చలి 7 డిగ్రీల సెంటీగ్రేడు కంటే కిందికి దిగే కాలం వస్తే శీతాకాలపు టైర్లు వేయించుకోమని టైరు కంపెనీలు చెబుతాయి. ఈ 7 గీత గీసినట్టు ఉండే అంకె కాదు. 8 దగ్గర మంచి టైరు, 6 దగ్గర చెడ్డ టైరు అయిపోదు. ఒక గుర్తుగా పెట్టుకున్నారంతే. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సున్నాకు కింద 20 డిగ్రీలు మామూలు, 30 కూడా అరుదు కాదు. అక్కడ ఆ గుర్తుతో పనే లేదు, నవంబరు నుంచి మార్చి దాకా అంతా దానికి ఎంతో కిందే. మన లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరికి దిగిందని పేపర్లో వస్తే చలికోట్లు వేసుకుని చూడటానికి పోతాం. పొద్దెక్కితే అక్కడ మామూలు టైరుకు ఏ ఇబ్బందీ లేదు.

ఈ అవసరం చలిదేశాలకు తొలినుంచీ ఉంది. శీతాకాలం కోసమే ప్రత్యేకంగా చేసిన మొదటి టైరు 1934లో ఫిన్లాండులో, ఇప్పుడు నోకియన్ టైర్స్ అని పిలిచే కంపెనీ నుంచి వచ్చింది. అది లారీల కోసం చేసింది. కార్ల టైరు 1936లో వచ్చింది.

ఇక గ్రిప్పు సంగతి. శీతాకాలపు టైరును దగ్గరగా చూస్తే పెద్ద గాడుల మధ్య ఉండే ఒక్కొక్క రబ్బరు దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నని వంకర కోతలు కనబడతాయి. మన కారు టైర్ల మీద ఇవి తక్కువ. బండి కదిలేటప్పుడు ఈ కోతలు కొద్దిగా తెరుచుకుంటాయి, వాటి అంచులు స్నోను గీరి పట్టుకుంటాయి. పెద్ద గాడుల పని వేరు. మన ఊళ్లో దమ్ము చేసే ట్రాక్టరు వెనక టైరును గుర్తుతెచ్చుకోండి. దాని గాడుల్లో బురద ఇరుక్కుంటే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకని బురద వెంటనే రాలిపోయేలా గాడులు వెడల్పుగా, ఏటవాలుగా పెడతారు. స్నోలో దీనికి తలకిందులు. టైరు గాడుల్లో స్నో ఇరుక్కోవాలి, గట్టిగా అదుముకోవాలి. ఎందుకంటే రబ్బరుకు స్నో అంటుకునేదానికన్నా స్నోకు స్నో బాగా అంటుకుంటుంది. రెండు చేతులా స్నో తీసి నొక్కితే ఉండ అవుతుంది కదా, అదే సూత్రం. గాడుల్లో నిండిన స్నో రోడ్డు మీది స్నోను పట్టుకుంటుంది. ఈ మాట చదివినప్పుడు మాకు మొదట నమ్మకం కలగలేదు. తెల్లగా స్నో కూరుకుపోయిన టైరు చూస్తే పాడైపోయిందనే అనుకుంటాం.

ఐసు వేరే శత్రువు. దాని మీద గాడులకు దొరికేది ఏమీ లేదు. పైగా సున్నా డిగ్రీల దగ్గర ఐసు మీద సన్నని నీటి పొర ఉంటుంది, జారుడంతా ఆ నీటిదే. చలి పెరిగి సున్నాకు కింద 20 అయితే ఆ పొర తగ్గి, ఐసు మీద కొంచెం ఎక్కువ పట్టు దొరుకుతుంది. వింతగా ఉన్నా నిజమిది. గడ్డకట్టే చలి కన్నా కరగబోయే చలి ప్రమాదం. కొన్ని టైర్ల రబ్బరులో స్పాంజిలాంటి చిన్న రంధ్రాలు పెడతారు, అవి ఆ నీటి పొరను పీల్చుకోవడానికే. తారు రంగులోనే కలిసిపోయి కంటికి కనబడని సన్నని ఐసు పొరను అక్కడివాళ్లు నల్ల ఐసు అంటారు. వంతెనల మీద ముందుగా అదే పడుతుంది, కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి.

ఇంటర్లోనూ డిప్లొమాలోనూ మనం వేసే లెక్కే ఒకటి ఇక్కడ వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 13.9 మీటర్లు. బ్రేకు పడ్డాక బండి పోయే దూరం, వేగం వర్గాన్ని ఘర్షణ గుణకానికీ గురుత్వ త్వరణానికీ రెండింతల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. పొడి తారు మీద ఘర్షణ గుణకం సుమారు 0.7 అనుకుంటే 14 మీటర్లలో ఆగుతుంది. తొక్కుడు పడి గట్టిపడిన స్నో మీద 0.2 అనుకుంటే 49 మీటర్లు. ఐసు మీద 0.1 అనుకుంటే 98 మీటర్లు. మా హాస్టలు గేటు నుంచి మెస్సు దాకా అడుగులేసి కొలిస్తే 50 మీటర్లు కూడా లేదు. మంచి టైరు ఆ గుణకాన్ని కొంత పెంచుతుంది గానీ ఐసును తారుగా మార్చలేదు. టైరు మంచిదే అయినా వేగం తగ్గించి, ముందు బండికి దూరం పెంచాల్సిందే.

మరి దుకాణంలో నిలబడ్డప్పుడు ఏ టైరు ఏదో ఎలా గుర్తుపట్టాలి? టైరు పక్కగోడ మీద చూడాలి. అక్కడ రెండు రకాల గుర్తులు కనబడతాయి. ఒకటి ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు. బురద, స్నో అని దాని అర్థం. దీన్ని తయారీదారే గాడుల ఆకారాన్నిబట్టి వేసుకుంటాడు, అందుకోసం స్నోలో పరీక్ష పెట్టి నెగ్గాల్సిన పని లేదు. రెండోది బొమ్మ. మూడు శిఖరాల కొండ, దాని లోపల ఒక మంచు రేకు. ఇది 1999లో ఉత్తర అమెరికాలో వచ్చింది. ఒక ప్రామాణిక టైరు పట్టును 100గా తీసుకుని, నొక్కిన స్నో మీద దానికన్నా కనీసం 10 ఎక్కువ, అంటే 110 తెచ్చుకున్న టైరుకే ఈ బొమ్మ వేయాలి. మా అన్నను పక్కగోడ ఫోటో తీసి పంపమన్నాం. ఎం ప్లస్ ఎస్ ఉంది, కొండ బొమ్మ లేదు. అవి ఆల్ సీజన్ టైర్లు. పేరులో అన్ని కాలాలూ ఉన్నాయి, విన్నిపెగ్ జనవరి మాత్రం లేదు! అమ్మినవాడు అబద్ధమేమీ చెప్పలేదు, అడగనిదానికి జవాబు చెప్పలేదంతే. ఈమధ్య ఆల్ వెదర్ అనే మరోరకం వచ్చింది. వీటికి కొండ బొమ్మ ఉంటుంది, ఏడాదంతా వాడొచ్చు. చలి ఒక మాదిరిగా ఉండే ఊళ్లకు అవి చాలు. గట్టి చలికి, ఎక్కువ ఐసుకు అసలైన శీతాకాలపు టైరే మేలని మా అభిప్రాయం.

ఆ కొండ బొమ్మకూ ఒక హద్దుంది. అది స్నో మీద పరీక్షే, ఐసు మీద బ్రేకు సంగతి అది చెప్పదు. అందుకే యూరప్‌లో 2021 మే నుంచి టైరు మీద అంటించే చీటీలో ఐసు పట్టుకు వేరే గుర్తు పెట్టారు.

తెలుగు నేల మీదా టైర్లు తయారవుతున్నాయి. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ఉంది, చిన్నపండూరులో 2020లో అపోలో ఫ్యాక్టరీ మొదలైంది. ఈ అపోలో కంపెనీయే 2009లో శీతాకాలపు టైర్లకు పేరున్న వ్రెడెస్టీన్ అనే డచ్చి కంపెనీని కొన్నది. మన దుకాణాల్లో కొండ బొమ్మ టైరు అడిగితే మాత్రం వింతగా చూస్తారు. మేం అడిగి చూశాం.

ఇంకో మాట. డబ్బు కలిసొస్తుందని రెండే టైర్లు మారుస్తారు, అదీ ఇంజను తిప్పే ముందు చక్రాలకే. అలా చేయకూడదు. ముందు చక్రాలు పట్టుకుని, వెనకవి పట్టుకోకపోతే మలుపులో బ్రేకు వేసినప్పుడు కారు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే జీపులాంటి బండి అయినా సరే. ఆ ఏర్పాటు బండి కదలడానికి సాయపడుతుంది. ఆగడానికి కాదు. ఏ కారుకైనా బ్రేకులు ఎలాగూ నాలుగు చక్రాలకే ఉంటాయి.

కొలత విషయంలో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. 205/55 ఆర్ 16, 91 టి అని టైరు మీద ఉందనుకుందాం. 205 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 55 శాతం పక్కగోడ ఎత్తు, రేడియల్, 16 అంగుళాల రిమ్ము. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు. స్నోలో కొంచెం సన్నని టైరు నయం, స్నోను కోసుకుంటూ కిందికి దిగుతుంది. ఈ కారుకు 195/65 ఆర్ 15 వేయొచ్చా? లెక్క కడితే మొదటిదాని వ్యాసం దాదాపు 632 మిల్లీమీటర్లు, రెండోదానిది 634.5. తేడా అర శాతం కూడా లేదు, వేగం చూపే మీటరు తప్పు చూపదు. కానీ చిన్న రిమ్ము లోపల బ్రేకు భాగాలు పట్టాలి, అందుకని కారు తయారీదారు ఒప్పుకున్న కొలతల్లోంచే ఎంచుకోవాలి. డోరు తెరిస్తే పక్కన అంటించిన కాగితం మీదా, కారుతో వచ్చిన పుస్తకంలోనూ ఆ కొలతలు ఉంటాయి. బరువు మోసే అంకె మాత్రం తగ్గకూడదు.

మేకుల టైర్లు కూడా ఉన్నాయి. రబ్బరులోంచి చిన్న లోహపు మేకులు బయటికి పొడుచుకుని ఉంటాయి, ఐసును గుచ్చి పట్టుకుంటాయి. మన దమ్ము ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలిస్తాం కదా, దాదాపు అలాంటిదే. ఇనుప చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు ఏమవుతుందో అందరికీ తెలుసు, మేకుల గొడవా అదే. జపానులో ఈ మేకులు తారును గీకి లేపిన దుమ్ముతో చలి ఊళ్ల జనం ఊపిరాడక గొడవ చేశారు, చివరికి 1990లో చట్టం తెచ్చి మేకుల టైర్లను అరికట్టారు. ఆ తర్వాతే అక్కడ మేకులు లేని ఐసు టైర్లు బాగా పెరిగాయి. కెనడాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన. ఒంటేరియోలో ఉత్తర ప్రాంతంవారికే మేకులకు అనుమతి.

గొలుసుల సంగతి మాలో ఒకరి మేనమామ చెప్పారు. ఆయన సైన్యంలో డ్రైవరు, లడఖ్‌లో రెండు చలికాలాలు చేశారు. టైరు చుట్టూ ఇనుప గొలుసుల వల బిగిస్తారు. ఎప్పుడూ ఇంజను తిప్పే చక్రాలకే వేయాలి, మెల్లగా పోవాలి, స్నో అయిపోయి తారు కనబడగానే దిగి విప్పేయాలి. లేకపోతే గొలుసు తెగి రెక్క కిందికి కొట్టుకుంటుంది. "వేసుకోవడం ఇంటి దగ్గర నేర్చుకోవాల్రా, చలికి వేళ్లు కొంకర్లు పోయాక కొండమీద కాదు" అన్నారు మామయ్య. గుల్మార్గ్ దారిలో చలికాలం అద్దె టాక్సీలు గొలుసులు వేసుకునే ఎక్కుతాయి. స్నో చూడటానికి మన వైపు నుంచి సొంత కారులో మనాలి వెళ్లేవాళ్లు కూడా ఈ మాట వింటే మంచిది.

చట్టాలు ఊరికొక రకం. కెనడాలోనే క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుంచి శీతాకాలపు టైర్లు తప్పనిసరి. 2019 నుంచి ఆ గడువు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు. మా అన్న ఉండే మానిటోబాలో అలాంటి నిర్బంధం లేదు. అయితే అక్కడి ప్రభుత్వ బీమా సంస్థ ఈ టైర్లు కొనుక్కోవడానికి 2014లో అప్పు పథకం పెట్టింది. జర్మనీలో తేదీలు లేవు, రోడ్డు మీద స్నోగానీ ఐసుగానీ ఉన్న రోజు శీతాకాలపు టైరు లేకుండా బండి తీస్తే జరిమానా. చట్టం అడగని చోట కూడా చలి అడుగుతుంది కదా.

ఇక పాత టైర్లు. చేతిలో డబ్బు లేనివాడు వాడిన టైర్లు కొంటాడు, తప్పు లేదు. అప్పుడు రెండు చూడాలి. ఒకటి లోతు. మన దేశంలో కారు టైరుకు చట్టం చెప్పే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. స్నోకు అది ఏమాత్రం చాలదు. 4 మిల్లీమీటర్లకు దిగితే ఆ టైరు శీతాకాలానికి పనికిరాదని లెక్క, ఆస్ట్రియాలో చట్టమే అంత అడుగుతుంది. రెండోది వయసు. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 3523 అంటే 2023వ సంవత్సరం 35వ వారంలో తయారైంది. ఏళ్లు గడిచినకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, గ్రిప్పు ఎంత ఉన్నా ఆ మెత్తదనం తిరిగి రాదు.

గాలి గురించి కూడా ఒక లెక్క. 20 డిగ్రీల గదిలో 33 పి.ఎస్.ఐ. గాలి కొట్టించారు. బయట సున్నాకు కింద 20. గాలి పీడనానికి వాతావరణ పీడనం 14.7 కలిపితే 47.7. దాన్ని 253తో గుణించి 293తో భాగిస్తే 41.2. మళ్లీ 14.7 తీసేస్తే 26.5. ఎక్కడా పంక్చరు లేకుండానే ఆరున్నర పోయింది! కాబట్టి చలిదేశంలో గాలిని బండి చల్లగా ఉన్నప్పుడు, బయటే చూసుకోవాలి, నెలకొకసారైనా. గాలి తగ్గితే స్నోలో పట్టు పెరుగుతుందని కొందరు అంటారు. మామూలు రోడ్ల మీద అది నమ్మవద్దు.

ఖర్చు మాటేమిటని మేం అన్నను అడిగాం. నాలుగు టైర్లకు దాదాపు ఒక నెల గది అద్దె అయ్యిందట. ఎండాకాలం వీటిని విప్పేసి పాతవి వేసుకుంటారు. వేడి రోడ్డు మీద మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది కాబట్టి అలా మార్చక తప్పదు. ఒక జత నడిచినన్ని నెలలు రెండో జత అరగదు గనక, మొత్తం మీద నష్టం తక్కువే. టైర్లను విడిగా ఇనుప రిమ్ములకు ఎక్కించి ఉంచుకుంటే ప్రతిసారీ షాపువాడికి ఎక్కించే కూలి ఉండదు, జాకీ, పానా ఉంటే మనమే మార్చుకోవచ్చు.

టైర్లు బిగించాక ఆయన నాలుగింటి ఫోటోలూ పంపారు. కొండ బొమ్మ నాలుగింటి మీదా ఉంది. మేం సంతోషపడి ఊరుకోకుండా చివరి అంకెలు కూడా చదివాం. మూడింటి మీద 3823 ఉంది. వెనక కుడిపక్క దాని మీద 1116 ఉంది. వెంటనే ఫోను చేసి చెప్పాం. అప్పుడు మనకు పొద్దున, ఆయనకు రాత్రి. తెల్లవారాక ఆయన షాపుకు వెళ్తే, పొరపాటైందని చెప్పి ఆ ఒక్కటి మార్చి ఇచ్చారట.